తామ్రశాసనం, మట్టికుండ

ఏలూరు సీమ చరిత్ర రాయబూనిన ప్రతివారూ పెదవేగి దగ్గర మొదలుపెడతారు. శాలంకాయనులు, వారి వెనుక విష్ణుకుండినులు, క్రీ.శ. 624 ప్రాంతంలో కుబ్జవిష్ణువర్ధనునితో తూర్పు చాళుక్యులు - యీ వరుస మన విద్యార్థులకు కంఠోపాఠం. అంతకు ముందు యీ నేల మీద మనుషులు లేరా అంటే, వున్నారంటారు. కాని వారిని గురించి చెప్పడానికి ఆధారాలు చాలవంటారు. ఆధారమంటే ఏమిటి? రాజు పేరు చెక్కిన రాయి, రాజముద్ర వేసిన రాగిరేకు. యీ నిర్వచనాన్ని ఒప్పుకొన్నంతకాలం చరిత్ర అనేది రాగిరేకులు చేయించగల స్తోమతు వున్నవారి చరిత్రగానే మిగులుతుంది.

నిదర్శనంగా ఏలూరు పేరు కనబడే ప్రాచీన శాసనాన్నే తీసుకొందాం. శాలంకాయన విజయదేవవర్మ వేయించిన ప్రాకృత శాసనమది, క్రీ.శ. నాలుగవ శతాబ్దిది. అశ్వమేధం చేశానని చెప్పుకొన్న ఆ రాజు, ఏలూర గ్రామస్థులను వుద్దేశించి, గణశర్మ అనే బ్రాహ్మణునికి ఇరవై నివర్తనాల భూమిని దానం చేసినట్టు ప్రకటించాడు. అతని ఇంటికీ, సగపాలుకు ఆ భూమి దున్నే మనుషుల ఇళ్లకూ స్థలం గూడా ఇచ్చాడు. రాజుకు పేరున్నది. దానం పట్టినవానికి పేరూ గోత్రమూ వున్నవి. సగపాలుకు దున్నినవారికి పేరు లేదు. వారి ఇళ్ల స్థలం మాత్రం శాసనానికెక్కింది, ఎందుకంటే వారు లేకపోతే ఆ ఇరవై నివర్తనాలకూ విలువ లేదు.

ఆ పేరులేనివారి గతం ఏమిటి? రాజుగాని, దానంగాని, లిపిగాని లేని రోజుల్లో యీ గోదావరి, కృష్ణల నడుమ పనిచేసి బతికినవారు తమ వెనుక ఏమీ వదలలేదా? వదిలారు. రెండు వస్తువులు వదిలారు: చచ్చినవారి మీద పెట్టిన పెద్ద రాళ్లు, ఆ రాళ్ల కింద పెట్టిన కుండలు. యీ రెండింటినీ శాసనంతో సమానమైన సాక్ష్యంగా చదవడం మనం నేర్చుకోవాలని, పోలవరం నీళ్లు పైకి వస్తున్న యీ రోజుల్లో ఆ పని మరీ అత్యవసరమని చెప్పడమే యీ వ్యాసం వుద్దేశం.

ఏలూరు జిల్లాకు రెండు ముఖాలున్నవి. దక్షిణాన కొల్లేరు, కాలువలు, వండలి నేల, వరిచేలు. అక్కడ రాయి దొరకదు. ఉత్తరాన మెట్ట, దాని పైన ఏజెన్సీ, కొండలు, గోదావరి ఒడ్డున కోయలు, కొండరెడ్ల ఊళ్లు. పెద్దరాళ్ల సమాధులు ఆ పై ముఖంలోనివి. వేలేరుపాడు మండలం రుద్రమ్‌కోట దగ్గర గోదావరి తీరాన యీ సమాధులున్నవి. యీ మండలమూ, కుకునూరూ 2014 దాకా ఖమ్మం జిల్లాలోవి. పోలవరం కోసమే వాటిని ఆంధ్రప్రదేశ్‌కు మార్చి పశ్చిమ గోదావరిలో కలిపారు. 2022 నుంచి ఏలూరు జిల్లాలో వున్నవి. ఏటికి ఎగువన పినపాక దగ్గరి జానంపేట, ఇంకా పైన ములుగు అడవుల్లోని మల్లూరు, కాటాపురం - అంతా ఒకే గొలుసు. నాలుగు పక్కలా నాలుగు బండపలకలు నిలిపి, పైన ఒక పలక కప్పి, చుట్టూ గుండ్రాళ్లు వలయంగా పేర్చిన గదులివి. కొన్నింటిలో ఒక పలకకు గుండ్రని రంధ్రం వుంటుంది. లోపల ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు. చాలాచోట్ల శవాన్ని నేరుగా పూడ్చలేదు. మాంసం రాలిపోయిన తర్వాత ఎముకలు ఏరి తెచ్చి పెట్టారు. దక్షిణాపథంలో యీ ఆచారం స్థూలంగా క్రీ.పూ. 1200 నుంచి క్రీస్తుశకపు తొలి శతాబ్దుల దాకా సాగిందని పురావస్తుజ్ఞుల అంచనా.

తెలుగు జనం వీటిని రాక్షస గుళ్లన్నారు. కొన్నిచోట్ల పాండవుల గుళ్లన్నారు. ఇంత బండలు మామూలు మనుషులెత్తలేరని కదా దాని అర్థం! దొరలు వచ్చి అదే మాట ఇంగ్లీషులో అన్నారు. 1850 ప్రాంతాన సురపురంలో సమాధులు తవ్విన మెడోస్ టేలర్ వీటిని తమ ఐరోపాలోని కెల్టుల సమాధులతో పోల్చి, సిథియనుల సంగతి ఎత్తాడు. 1868లో మల్లూరు, కాటాపురం సమాధుల గురించి ముల్హెరన్ రాశాడు. అక్కడి శిలువ ఆకారపు రాళ్లను చూసి, ఎప్పుడో వచ్చిన క్రైస్తవులు నిలిపారేమోనన్న చర్చ గూడా జరిగింది. 1872లో ఫెర్గూసన్ గ్రంథంలో ఆ చర్చ కనిపిస్తుంది. ఆ రాళ్లు మనిషి ఆకారాలు, శిలువలు కావు. పురాణమూ, సామ్రాజ్యమూ ఒకేచోట కలుసుకొన్నవి: ఇక్కడి సామాన్యుడు ఇంత పని చేశాడని రెండూ ఒప్పుకోలేదు.

అయితే ఆ అడవుల్లోనే దానికి జవాబు కళ్లెదుట వున్నది. కోయలు చనిపోయిన పెద్దల గుర్తుగా రాళ్లు నిలబెట్టడం మానలేదు. దుమ్ముగూడెంలో వుండిన మిషనరీ జాన్ కెయిన్ వారి అంత్యక్రియలను వివరంగా రాశాడు. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథంలో ఆ వివరాలు చేరినవి. ఆ పాత సమాధులవారే యీనాటి కోయల తాతముత్తాతలని నేననడం లేదు. మూడువేల ఏళ్ల దూరాన్ని ఒక్క ఆచారంతో దాటడం శాస్త్రం కాదు. నేననేది వేరు. రాయి తేవడానికి రాక్షసులక్కరలేదు. ఊరంతా కలిసి మోకులు, దుంగలు పట్టుకొంటే చాలు. అంటే ఆ సమాధి ఒక మనిషి జ్ఞాపకం మాత్రమే కాదు, ఒక ఊరి ఉమ్మడి శ్రమ.

ఇక కుండ సంగతి. యీ సమాధుల్లో ఎక్కువగా దొరికేది నలుపు-ఎరుపు కుండ. లోపలా, అంచు దగ్గరా నిగనిగలాడే నలుపు. కింది భాగం ఎరుపు. మైసూరు సీమలోని బ్రహ్మగిరిలో 1947లో మార్టిమర్ వీలర్ తవ్వినప్పుడు పొరల వరుసలో యీ కుండకు ఒక స్థానం స్థిరపడింది. అప్పటినుంచి దక్షిణాది పురావస్తుశాస్త్రానికి ఇదొక గడియారమైంది. గడియారంగా చూడడం మంచిదే. కాని గడియారం చేసినవాని పని గూడా చూడాలి.

రెండు రంగులు పూత వల్ల వచ్చినవి కావు, మంట వల్ల వచ్చినవి. బంకమట్టిలో సహజంగా ఇనుము వుంటుంది. కాలేటప్పుడు గాలి బాగా తగిలితే అది ఎర్రబడుతుంది. గాలి అందక, బూడిద, పొట్టు, పొగ కమ్ముకొంటే నల్లబడుతుంది. కుండను బోర్లించి, మూతిని బూడిదలో కూరి, అడుగును మంటకూ గాలికీ వదిలితే ఒకే కాల్పులో రెండు రంగులు దిగుతవి. ఇట్లాగే చేశారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. రెండుసార్లు కాల్చారనేవారు గూడా వున్నారు. ఏ విధంగా చూసినా, గాలిని ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో తెలిసిన చేతి పని ఇది. ఇనుపరాతి నుంచి ఇనుము తీసేవాని విద్య గూడా సరిగ్గా ఇదే: బొగ్గులో పెట్టి, గాలిని అదుపు చేసి, రాతిలోని ప్రాణవాయువును ఊడబెరకడం. ఒకే సమాధిలో నలుపు-ఎరుపు కుండా, ఇనుప గొడ్డలీ పక్కపక్కనే దొరకడంలో వింత లేదు. కుమ్మరి, కమ్మరి ఒకే శాస్త్రానికి ఇద్దరు బిడ్డలు. మట్టిని కుండగా మార్చడమే మానవుడు తెలిసి చేసిన తొలి రసాయనిక మార్పు అని గార్డన్ చైల్డ్ 1936లో అన్న మాటను ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

చైల్డ్ ఇంకొక సంగతి గూడా గమనించాడు. చేత్తో కుండ చేసినంతకాలం అది ఇంటి పని, ఎక్కువగా ఆడవారి పని. చక్రం వచ్చిన తర్వాత అది వృత్తి అయింది, మగవాని చేతికి పోయింది. మన కుమ్మరి ఇళ్లలో ఆ మార్పు గుర్తులు యీనాటికీ చెరగలేదు. సారె మీద కూర్చునేవాడు మగవాడు. మట్టి తెచ్చి, రాళ్లు ఏరి, తొక్కి, నీళ్లు మోసి, ఆరబెట్టి, సంతకెత్తుకు పోయేదాంట్లో సగానికి పైగా ఆడవారి చాకిరి. కుండ పేరు మాత్రం మగవానిదే. శాసనంలో సగపాలువానికి పేరు లేకపోవడానికీ, దీనికీ మూలం ఒకటే.

ఇక్కడ మన మిత్రుల్లో కొందరితో నాకు పేచీ వున్నది. రాజులు లేని కాలం గనుక పెద్దరాళ్ల కాలమంతా సమసమాజమని, ఆ తర్వాతనే దోపిడీ వచ్చిందని వారు తేల్చేస్తారు. సాక్ష్యం అంత సులువుగా లొంగదు. అన్ని సమాధులూ ఒక్కటిగా లేవు. ఒకదానిలో నాలుగు కుండలే. ఇంకొకదానిలో కుండలు గుట్టగా వుండి, గుర్రపు కళ్లెపు ముక్కలు, ఎర్రరాతి పూసలు, ఆయుధాలు గూడా వుంటవి. ఏళ్ల తరబడి ఆ ఊళ్లలో చచ్చినవారందరికీ ఇట్లాంటి రాతి గదులు కట్టారనుకోవడానికి వాటి సంఖ్యే అడ్డు. ఎవరి ఎముకల కోసం ఊరంతా మోకులు పట్టిందో, ఎవరి కోసం పట్టలేదో, ఆ తేడాలోనే తర్వాతి కథ మొలకెత్తింది. అసమానత పెదవేగికి అశ్వమేధపు గుర్రం మీద రాలేదు. అంతకు ముందే సమాధుల వలయంలో మెల్లగా అడుగుపెట్టింది. దీన్ని ఒప్పుకొంటే మన వాదం బలహీనపడదు. వర్గాలు దేవుడు పంపినవి కావు, ఉత్పత్తి పెరిగే క్రమంలో పుట్టినవి అనే మాటకు ఇంతకంటే మంచి రుజువేముంది?

ప్రాచీనత విషయంలో గూడా అదే నిదానం అవసరం. తమిళనాడులో శివగళై దగ్గర దొరికిన ఇనుము క్రీ.పూ. నాలుగవ సహస్రాబ్దిదని 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. పండితులు దాన్ని తర్కిస్తారు, తర్కించాలి. అంతలోనే మా ఇనుము ముందా, మీ ఇనుము ముందా అనే పందెం మొదలైంది. ఇనుము ఎంత పాతదన్నది ఒక ప్రశ్న. ఆ ఇనుముతో ఎవరు అడవి కొట్టారు, ఎవరు తిన్నారు అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

రాళ్ల సమాధుల నుంచి బౌద్ధ స్తూపాల దాకా దారి తెగలేదు. స్తూపమంటే ఏమిటి? ధాతువుల మీద, అంటే ఎముకల మీద కట్టిన దిబ్బ. అమరావతిలో 1958-59 తవ్వకాలలో, స్తూపం పక్కనే అంతకు ముందటి సమాధులు బయటపడినవి. చచ్చినవారి దిబ్బకు మొక్కడం జనానికి ముందే తెలుసు. బౌద్ధం ఆ అలవాటును కాదనలేదు. కామవరపుకోట దగ్గర జీలకర్రగూడెం కొండ మీద, గుంటుపల్లి గుహల చుట్టూ, చిన్న చిన్న మొక్కుబడి స్తూపాలు పదులకొద్దీ వున్నవి. రాజుగారి మహాస్తూపం కాదు, వచ్చిపోయిన యాత్రికుల, భిక్షువుల భక్తికి గుర్తులు.

ఆ తర్వాత దిబ్బలకేమైంది? కొండ మీది గుండ్రని చైత్యగుహ ధర్మలింగేశ్వరుని గుడిగా పేరు మార్చుకొంది. భట్టిప్రోలులో, ఘంటసాలలో స్తూపపు దిబ్బలను లంజదిబ్బలన్నారు. ఓడిన మతానికి గెలిచినవారు పెట్టే పేర్లు అట్లాగే వుంటవి. పాతవారిని దేవుని చేయి, లేదా రాక్షసుని చేయి, అదీ కుదరకపోతే లంజను చేయి; మనిషిని మాత్రం చేయకు! పేర్ల వెనుక వున్న యీ రాజకీయాన్ని మన బడుల్లో ఎవరు చెబుతున్నారు?

కుమ్మరికి గూడా ఇదే గతి పట్టింది. తమిళుల సంగం సాహిత్యంలో, పురనానూరులోని ఒక పాటలో, భర్తను పోగొట్టుకొన్న స్త్రీ వేడుకొనేది దేవుని కాదు, రాజును కాదు, కుమ్మరిని. తనకు గూడా చోటు చాలే పెద్ద బాన చేసిపెట్టమంటుంది. బానల్లో పెట్టి పూడ్చడం అక్కడి ఆచారం. తామ్రపర్ణి ఒడ్డున ఆదిచ్చనల్లూరులో 1899 నుంచి 1905 దాకా అలెగ్జాండర్ రీ తవ్వింది ఆ బానలనే. మన భట్టిప్రోలు స్తూపాన్ని 1892లో తవ్వినవాడు గూడా అతడే. మన కడప జిల్లా శంఖవరంలో పొట్టేలు ఆకారంలో చేసిన మట్టి శవపేటిక దొరికింది. అంత పెద్ద మట్టిపేటికను పగుళ్లు లేకుండా ఆరబెట్టి కాల్చడం ఎంత కష్టమో ఏ కుమ్మరినడిగినా చెబుతాడు.

అట్లాంటి పనివాని స్థానం తర్వాతి కాలంలో ఏమైంది? పెళ్లికి అయిరేణి కుండలు అతని ఇంటి నుంచి మేళతాళాలతో రావాలి. చావుకు నిప్పుకుండ అతనే ఇవ్వాలి. నడుమ బతుకంతా అతడు మాత్రం ఊరి చివర. పంటలో మేర ఇచ్చినప్పుడు ఇస్తారు, లేనప్పుడు లేదు. రామాయణం రాసిన మొల్లను గూడా కుమ్మరి మొల్ల అనే పిలిచాం. తిక్కనను ఎవరూ నియోగి తిక్కన అని పిలవరు! అల్యూమినియం, స్టీలు, ప్లాస్టిక్ వచ్చి కడవను, కాగును, అటికను, దుత్తను వరుసగా వంటింట్లో నుంచి గెంటినవి. యంత్రాన్ని నిందించి లాభం లేదు. తేలిక పాత్ర వచ్చినందుకు నీళ్లు మోసే ఆడవారి నడుము కాస్త నిలిచింది. నింద వేయవలసింది వేరే చోట. మట్టి తెచ్చుకొనే చెరువు ఆక్రమణ పాలైంది. ఆవానికి కావలసిన పుల్లలు కొనవలసినవైనవి. వృత్తి పోయినవానికి భూమి దొరకలేదు. వేసవిలో చలివేంద్రపు కుండ, కార్తీకంలో ప్రమిద, దసరాకు బొమ్మ - మూడువేల ఏళ్ల విద్య సంవత్సరంలో మూడు నెలల గిరాకీకి కుదించుకుపోయింది.

యీ కథలో ఆఖరి అధ్యాయం ఆనకట్టలది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో నీళ్లు వదిలారు. మునగబోయే లోయలో ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వాన 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ తవ్వకాలు జరిగినవి. పాతరాతియుగం పనిముట్ల నుంచి పెద్దరాళ్ల సమాధుల దాకా, ఇక్ష్వాకుల విహారాల దాకా అన్నీ బయటికొచ్చినవి. అవతలి ఒడ్డున ఏలేశ్వరాన్ని అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వాడు. 1963లో దాని మీద గ్రంథం వెలువడింది. ముఖ్యమైన కట్టడాలను విప్పి కొండ మీద తిరిగి కట్టారు. మిగిలినవి నీటి పాలైనవి. దేశం అప్పుడు రాళ్ల పట్ల చూపిన శ్రద్ధ గర్వించదగ్గదే. అదే లోయలో గుడిసెలు వేసుకొని బతికినవారి పట్ల అంత శ్రద్ధ చూపామా అన్న ప్రశ్న మాత్రం ఆ కొండ మీది మ్యూజియంలో ఎక్కడా రాసి లేదు.

పోలవరంలో అదే ప్రశ్న ఇంకా పెద్దదిగా ఎదురైంది. 1981లో శంకుస్థాపన, 2004 తర్వాత పనులు, 2014లో జాతీయ ప్రాజెక్టు హోదా. 150 అడుగుల పూర్తి మట్టానికి నీరు నిలిపితే ఖాళీ చేయవలసిన ఆవాసాలు 371. కుటుంబాలు లక్షా ఆరువేలు. అందులో ఆదివాసులదే పెద్దవాటా. 2010 దశకంలో ముంపు ప్రాంతాల్లో పురావస్తు తవ్వకాలు జరిగినవి. రుద్రమ్‌కోట సమాధులు గూడా వాటిలో వున్నవి. 2021 జూన్‌లో నదిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. మరుసటి ఏడు జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది; వేలేరుపాడు, కుకునూరు ఊళ్లు మునిగినవి; పరిహారం, పునరావాసం పూర్తిగాని జనం గుట్టలెక్కి వానలో కూర్చున్నారు.

డెల్టాకు నీళ్లు వద్దని నేననను. పడమటి గోదావరి, కృష్ణా రైతుకు నీటి విలువ తెలుసు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో కట్టిన తర్వాత యీ సీమ ముఖమే మారిపోయింది. పోలవరం కుడికాలువ మన ఏలూరు పక్కనుంచే పోతుంది. నేనడిగేది ఒక్కటే: లెక్కలో రెండు వైపులా ఎందుకు రాయరు? కింది ముఖానికి వచ్చే ఎకరాల లెక్క ప్రతి పత్రికలోనూ వుంటుంది. పై ముఖం పోగొట్టుకొనేదానికి లెక్క కట్టేటప్పుడు భూమికి ధర, ఇంటికి ధర, చెట్టుకు ధర వేస్తారు. పెద్దలకు నిలిపిన రాయికి ధర ఎంత? ఆ రాయి దగ్గర ఏటా జరిగే కొలుపుకు ధర ఎంత? తవ్వినవారు పాత సమాధిలో కుండను జాగ్రత్తగా ఎత్తి, అంకె వేసి, పెట్టెలో పెట్టారు. పక్క ఊళ్లో నిన్న మొన్న పోయినవాని గుర్తురాయికి ఏ పెట్టే లేదు. మూడువేల ఏళ్ల నాటి చావు పురావస్తువైంది, నిరుటి చావు ముంపు నష్టంలో గూడా చేరలేదు.

1949లో సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసి రాజుల చరిత్రకు బదులు జనం చరిత్ర కావాలని దారి చూపాడు. ఆయన సాక్ష్యాలు కావ్యాలు. అందుకే ఆ గ్రంథం తూర్పు చాళుక్య యుగంతో మొదలవుతుంది. ఆ దారినే వెనక్కు నడిపించవలసిన బాధ్యత మనది. అందుకు కావ్యం చాలదు, కుండ కావాలి. దీనికి పెద్ద డబ్బు, పెద్ద పదవులు అక్కరలేదు. మెట్ట ఊళ్లలో, ఏజెన్సీలో పాఠాలు చెప్పే ఉపాధ్యాయులున్నారు. సెలవులకు ఇళ్లకు పోయే విద్యార్థులున్నారు. చేను దున్నితే పైకొచ్చిన పెంకు ఏ పొలంలో, ఎంత లోతున, ఏ రంగుది దొరికిందో రాసిపెట్టండి. తవ్వే పని మాత్రం తెలిసినవారికి వదలండి. పునరావాస కాలనీలకు పోయి, ఏ ఊరి గుర్తురాళ్లు ఎక్కడుండేవో, ఎవరి పేరున నిలిపారో పెద్దవాళ్లనడిగి, వారి పేర్లతో సహా రాయండి. మిగిలిన కుమ్మరి ఇళ్లకు పోయి, మట్టి ఎక్కడిది, ఆవం ఎట్లా పేరుస్తారు, గాలి ఎప్పుడు మూస్తారు అని అడగండి. ఆడవారిని గూడా అడగండి.

గణశర్మ పేరు పదహారువందల ఏళ్లు నిలిచింది, దాన్ని రాగిరేకు మీద రాసినవాడొకడున్నాడు గనుక. సగపాలువాని పేరు పోయింది, రాసేవాడు లేడు గనుక. వేలేరుపాడు నుంచి లేచిపోయిన ఊళ్ల విషయంలో ఆ సాకు మనకు లేదు. రాయడం వచ్చినవాళ్లం మనం, చెప్పేవారు ఇంకా బతికే వున్నారు.